మతి తప్పిందా? బడి తప్పించారా?

తనకల్లు మండలంలో ఏదో ఒక ఎస్సీ కాలనీ. అందులో 70 ఏళ్ల అవ్వ ఒకరు ఉన్నారనుకుందాం. పేరు అక్కర్లేదు. ఇలాంటి అవ్వలు, తాతలు మన వాడల్లో అందరికీ తెలిసినవాళ్లే. ఆమె కుడి చేయి వణుకుతుంది. అడుగులు చిన్నవైపోయాయి. ముఖంలో కదలిక తగ్గింది. ఇంట్లోవాళ్లు చాలాకాలం ముసలితనమే అనుకున్నారు. బెంగళూరులో కూలి చేసే కొడుకు ఒకరోజు అక్కడి ఆసుపత్రికి తీసుకుపోతే పార్కిన్సన్ అని చెప్పి మాత్రలు రాశారు. వణుకు కొంత తగ్గింది. రెండేళ్లు గడిచాక "మా అమ్మ మరిచిపోతా ఉంది సార్" అని మళ్లీ తీసుకుపోయాడు. ఈసారి ఆమె ముందు కాగితం పెట్టి గడియారం బొమ్మ గీయమన్నారు. 100లోంచి 7 తీసేస్తూ లెక్క చెప్పమన్నారు. అవ్వ చేతికి పెన్ను తగలడం అదే మొదటిసారి.

ఆ కాగితం మీద తక్కువ మార్కులు పడతాయి. అందులో సందేహం లేదు. ఆ మార్కులు తగ్గింది మెదడులోని జబ్బు వల్లనా, చేతి వణుకు వల్లనా, 60 ఏళ్ల కింద ఆమెను బడి గడప తొక్కనివ్వని ఊరి వల్లనా? ఈ మూడింటినీ విడదీయకుండా "డిమెన్షియా" అని రాస్తే అది వైద్యం కాదు. పాత అన్యాయానికి కొత్త పేరు పెట్టడం అవుతుంది.

జబ్బు గురించి నాలుగు మాటలు

1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఈ వణుకు జబ్బును వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. దాంతో వణుకు, బిగుసుకుపోవడం, కదలికలు నెమ్మదించడం, తూలి పడిపోవడం మొదలవుతాయి. లెవోడోపా మాత్రలు ఆ లోటును కొంతమేర పూడుస్తాయి. జబ్బును నయం చేసే మందు మాత్రం ఇప్పటికీ లేదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

దీన్ని కేవలం వణుకు జబ్బు అనుకోవడం పొరపాటు. చాలామందిలో ఏళ్లు గడిచేకొద్దీ ఆలోచన కూడా దెబ్బతింటుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రోగులను 20 ఏళ్లపాటు వెంబడించిన అధ్యయనంలో, అప్పటికి బతికి ఉన్నవారిలో 83 శాతం మందికి డిమెన్షియా వచ్చినట్టు తేలింది. అల్జీమర్స్‌లో మొదట జ్ఞాపకం పోతుంది. పార్కిన్సన్‌లో తరచుగా ముందు దెబ్బతినేది ధ్యాస, ఒక పనిని వరుసగా చేసుకుపోయే నేర్పు, దూరాన్నీ ఆకారాన్నీ అంచనా వేయగలగడం. విషయం గుర్తుండకపోవచ్చు, కానీ చిన్న ఆనవాలు అందిస్తే చాలాసార్లు గుర్తొస్తుంది. లేని మనుషులు, జంతువులు కనిపించడం కూడా ఈ జబ్బులో ఉంటుంది.

డిమెన్షియా అని ఎప్పుడు అనాలి?

2007లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి పార్కిన్సన్ డిమెన్షియాను నిర్ధారించే ప్రమాణాలను ప్రకటించింది. అందులో కీలకమైన షరతు ఒకటుంది. పరీక్షలో మార్కులు తగ్గితే చాలదు. ఆలోచనలో వచ్చిన లోపం ఆ మనిషి రోజువారీ బతుకును దెబ్బతీసి ఉండాలి. ఆ దెబ్బ వణుకు, బిగుసుకుపోవడం లాంటి శరీర లక్షణాల వల్ల వచ్చింది అయి ఉండకూడదు.

చెప్పడానికి ఇది సులువే. చేయడమే కష్టం. రవిక గుండీలు పెట్టుకోలేకపోతున్నది వేళ్లు ఆడకనా, వరుస తెలియకనా? డబ్బులు లెక్కపెట్టలేకపోతున్నది చేయి వణికి నాణేలు జారిపోయా, లెక్క తప్పా? అందుకే ఆ ప్రమాణాల్లో ఒక చక్కటి చిన్న పరీక్ష పెట్టారు. రోగిని తన మాత్రల గురించి తననే చెప్పమంటారు. ఏ మాత్ర, ఎన్ని గంటలకు, ఎంత అని. చేతులతో పని లేదు, బొమ్మ గీయనక్కర్లేదు. చదువు రాని మనిషి కూడా "పొద్దున పచ్చమాత్ర సగం, మధ్యాహ్నం తెల్లది ఒకటి" అని చెప్పగలదు. చెప్పగలిగితే ఆమె తన బతుకును తాను నడుపుకుంటున్నట్టే లెక్క.

మార్కుల కాగితంలో దాగిన బడి

ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే రెండు పరీక్షలు చూద్దాం. ఒకటి 1975లో అమెరికాలో తయారైన ఎంఎంఎస్‌ఈ. రెండోది 2005లో కెనడాలో వచ్చిన మోకా. రెండింటికీ 30 మార్కులే. మోకాలో 26 కంటే తగ్గితే అనుమానించాలని మొదట చెప్పారు. 12 ఏళ్లు, అంతకంటే తక్కువ చదివినవారికి ఒక మార్కు కలుపుతారు.

లెక్క వేసి చూడండి. మోకాలో అంకెలనూ అక్షరాలనూ గీతతో కలపడానికి 1, ఘనం బొమ్మకు 1, గడియారం బొమ్మకు 3. పెన్ను పట్టే పనికే 5 మార్కులు. 100లోంచి 7 తీసివేతలకు 3. ఎన్నడూ బడికి పోని మనిషి ఈ 8 మార్కులు పోగొట్టుకుని, మిగతా అన్నిటికీ సరైన జవాబులు చెప్పినా వచ్చేవి 22. దయతలచి కలిపే ఒక్క మార్కుతో 23. అంటే మెదడు చెక్కుచెదరని అవ్వ కూడా మొదటి మెట్టు మీదే "అనుమానం" కింద పడిపోతుంది. పైగా పార్కిన్సన్ చేయి వణుకుతుంది. చదువుకున్న చేయి కూడా ఆ బొమ్మలు సరిగా గీయలేదు.

ఇక్కడ కులం ఎక్కడుందని అడగవచ్చు. ఇవాళ 70 ఏళ్లున్న మనిషి 1955 ప్రాంతంలో పుట్టింది. అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. చట్టం పుట్టిన రోజే బడి తలుపులు తెరుచుకోలేదు. ఆమె బడికి పోవాల్సిన వయసులో మాదిగ, మాల పిల్లలు వసారాలో కూర్చున్న రోజులు, పశువుల వెంట, భూస్వాముల చేలల్లో గడిపిన రోజులు మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆడపిల్ల అయితే ఆ వసారా కూడా దక్కలేదు. 2011 జనగణన నాటికి కూడా ఉమ్మడి అనంతపురం జిల్లాలో అక్షరాస్యత సుమారు 64 శాతం. ఆడవాళ్లలో సుమారు 54 శాతం. అన్ని వయసులూ అన్ని కులాలూ కలిపిన లెక్క ఇది. అందులోంచి దళిత ముసలి ఆడవాళ్లను వేరుచేసి చూస్తే ఆ అంకె ఎటు జారుతుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

కాబట్టి ఆ కాగితం అందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నట్టు కనిపించినా, అందరి నుంచీ ఒకే విషయాన్ని తెలుసుకోవడం లేదు. చదువుకున్న కులాల పెద్దాయనలో అది మతిని కొలుస్తుంది. మన అవ్వలో మతితో పాటు మన చరిత్రను కూడా కొలిచి, రెండింటినీ కలిపి ఒకే అంకెగా రాస్తుంది.

నాలుగు జవాబులు

రోజువారీ పనుల ప్రశ్నావళులకూ ఇదే చిక్కు. బ్యాంకు ఖాతా చూసుకోగలరా, పేపరు చదువుతారా, మందుల చీటీ అర్థమవుతుందా, ఒంటరిగా ప్రయాణం చేయగలరా అని అడుగుతారు. "లేదు" అని జవాబు వస్తే లోపం కింద రాసుకుంటారు. ఒక్క "లేదు" వెనక నాలుగు కారణాలు ఉండవచ్చు.

చేయి సాగక చేయలేకపోవడం మొదటిది. ఇది వణుకు, బిగుతు. ఎట్లా చేయాలో తోచక చేయలేకపోవడం రెండోది. ఆలోచన దెబ్బతినడం ఇదే. ఎన్నడూ చేసి ఉండకపోవడం మూడోది. బ్యాంకు పని మొదటినుంచీ కొడుకే చూసి ఉంటాడు. చేయనివ్వకపోవడం నాలుగోది. ఫలానా వీధిలోంచి పోకూడదని, ఫలానా కొట్టు గడప ఎక్కకూడదని బతుకంతా నేర్పించిన మనిషి "నేను ఒంటరిగా పోను" అంటే అది జబ్బు లక్షణం కాదు.

పరీక్ష చేసేవాళ్లు రెండో కారణాన్ని పట్టుకోవాలి. మొదటిదాన్ని వేరుగా రాయాలి. మూడు, నాలుగు కారణాలను లెక్కలోంచే తీసేయాలి. ఇందుకు అడగాల్సింది "చేయగలరా?" అని కాదు. "ఇంతకుముందు ఎట్లా చేసేవాళ్లు, ఇప్పుడేం మారింది?" అని. మనిషిని సగటుతో పోల్చకూడదు, ఆ మనిషి నిన్నటితోనే పోల్చాలి.

తనకల్లులో ఆ నిన్న ఎట్లా ఉంటుంది? సంగటి ఉంటుంది. ఎసరులో బియ్యం ఉడికాక రాగిపిండి వేసి, మూతపెట్టి, దించి కెలకాలి. కెలికే బలం లేకపోతే అది చేతుల సంగతి. పిండి ఎప్పుడు వేయాలో మరిచిపోయి, పొయ్యి మీద గిన్నె వదిలేసి పోతుంటే అది ఆలోచన సంగతి. మేకలు ఉంటాయి. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు ఒకటి తగ్గిందని ఇట్టే పసిగట్టే మనిషి ఇప్పుడు గుర్తించలేకపోతోందా? చెనిక్కాయలు ఒలిచేటప్పుడు విత్తనం కాయను, పుచ్చు కాయను వేరుచేయగలుగుతోందా? రేషన్ ఎన్ని కిలోలు రావాలో, పింఛన్ ఎంత రావాలో, ఎవరి దగ్గర ఎంత బదులు తెచ్చారో చెబుతోందా? కాలనీలో ఎవరి ఇంట్లో పెళ్లి, ఎవరి ఇంట్లో చావు, ఎవరు ఎవరికి ఏమవుతారో తప్పు లేకుండా చెబుతోందా? ఇవన్నీ జ్ఞాపకం, ధ్యాస, లెక్క, క్రమం. వీటికి పెన్ను అక్కర్లేదు.

మన దగ్గర దారి లేక కాదు

ఇదేదో కలలో మాట కాదు. 1990ల్లోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో చదువు రాని పెద్దల కోసం ఎంఎంఎస్‌ఈని మార్చి హిందీ మానసిక స్థితి పరీక్షను తయారుచేశారు. అక్కడే పల్లె పెద్దల దినచర్యకు తగినట్టు రోజువారీ సామర్థ్యాల కొలమానం ఒకటి రూపొందించి 1999లో ప్రచురించారు. ఇంట్లోవాళ్లను అడిగి నింపేది అది.

తెలుగులోనూ పని జరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతి పరీక్షలను తెలుగుకు తగ్గట్టు మార్చింది. 2013లో అదే బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా బయటపడుతోందని చూపింది. ఇంకా ముఖ్యమైన విషయం, చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసే మన సరిహద్దు సీమలో, కూలికి పోయి భాష నేర్చిన మనుషులకు ఇది గుర్తుపెట్టుకోదగిన మాట. మెదడుకు పదును బడి ఒక్కటే పెట్టదు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, కన్నడం సహా 5 భాషల్లో మతి పరీక్షల సంపుటిని తయారుచేయించింది. చదువు తక్కువున్నవారి కోసం మోకా బేసిక్ అనే పరీక్ష 2015 నుంచి ఉంది.

అంటే పరికరం ఉంది. అది నగరంలో, పెద్ద సంస్థలో, పరిశోధన బీరువాలో ఉంది. కదిరి ఏరియా ఆసుపత్రి బల్ల మీదకు, తనకల్లు మండలంలోని నర్సు చేతికి రావడమే మిగిలింది.

తప్పు లెక్కకు ఎవరు మూల్యం చెల్లిస్తారు?

తప్పు రెండు వైపులా జరుగుతుంది. రెండూ ప్రమాదమే.

మొదటిది, మతి ఉన్న మనిషికి మతి లేదని రాయడం. ఆ మాట ఒకసారి కాగితం మీదకి ఎక్కితే ఇంట్లోనూ బయటా ఆమె మాటకు విలువ పోతుంది. మన వాడల్లో చాలా కుటుంబాలకు ఉన్న ఆస్తి ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా భూమే. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణ, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు ఆ అడ్డు తీసేసే దారి తెరిచింది. పట్టా ముసలివాళ్ల పేరు మీద ఉన్నప్పుడు వాళ్ల వేలిముద్ర మీద ఎందరి కన్ను ఉంటుందో చెప్పనక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవారికి ఆస్తి విషయంలో అందరితో సమానమైన చట్టబద్ధ సామర్థ్యం ఉంది. 14వ సెక్షన్ కింద సంరక్షకుణ్ణి పెట్టినా అది పరిమితమే. ఆ మనిషిని సంప్రదించి, నిర్దిష్టమైన విషయానికీ కాలానికీ మాత్రమే నిర్ణయం తీసుకోవాలి. 22 మార్కుల కాగితం ఈ హక్కును కొట్టేయలేదు.

రెండోది, నిజంగా ఆలోచన దెబ్బతింటున్నా "ముసలితనం", "చదువు రాని మనిషి, అంతే" అని వదిలేయడం. ఇందులో పోయేవి ప్రాణాలే. మాత్ర మరిచిపోయి, లేదా రెండుసార్లు మింగి పడిపోతారు. చవకగా దొరికే పాసిటేన్ లాంటి పాత వణుకు మాత్రలు పెద్దవయసువారిలో మతిమరుపును పెంచుతాయి, లేనివి కనిపించేలా చేస్తాయి. చీటీ మార్చకుండా ఏళ్ల తరబడి అదే మాత్ర మింగుతున్నవారికి వైద్యుని సలహాతో దాన్ని తగ్గిస్తేనే కొంత తేరుకోవచ్చు. పార్కిన్సన్ డిమెన్షియాకు రివాస్టిగ్మిన్ అనే మందు 2006లో అమెరికాలో ఆమోదం పొందింది. కుంగుబాటు కూడా మతిమరుపులా కనిపిస్తుంది, దానికీ వైద్యం ఉంది. అడిగేవాళ్లు ఉంటేనే ఇవన్నీ అందుతాయి.

లేని మనుషులు కనిపిస్తున్నారని చెప్పే ముసలమ్మను దెయ్యం పట్టిందనడం, చేతబడి మాట లేవదీయడం మన పల్లెల్లో కొత్త కాదు. ఆ వేలు ఎక్కువగా ఏ వాడ వైపు, ఏ ఆడవాళ్ల వైపు చూపిస్తుందో మనకు తెలుసు. జబ్బుకు జబ్బు అని పేరు పెట్టగలగడం ఇక్కడ రక్షణ కూడా.

మధ్యాహ్నం ఒంటిగంట పరీక్ష

లెవోడోపా ప్రభావం కొన్ని గంటలే. దిగిపోయాక చేతులు బిగుస్తాయి, మాట మందగిస్తుంది, కొందరికి ఆలోచన కూడా మొద్దుబారుతుంది. తనకల్లు నుంచి బెంగళూరుకో, అనంతపురం పెద్దాసుపత్రికో పోయే మనిషి చీకటితో లేస్తుంది. బస్సులో వాంతి అవుతుందని, మూత్రానికి దిగనివ్వరని మాత్ర మానేస్తుంది, నీళ్లు మానేస్తుంది. చీటీ వరుసలో నిలబడి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకలితో వైద్యుడి ముందు కూర్చుంటుంది. అప్పుడు వేసిన మార్కు ఆమెదా, ప్రయాణానిదా? పరీక్షకు ముందు "మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు? ఏమైనా తిన్నారా?" అన్న రెండు ప్రశ్నలకు అర నిమిషం కూడా పట్టదు. ఆ జవాబులు మార్కుల పక్కనే రాయాలి.

సర్టిఫికెట్ అనే గడప

1995 వికలాంగుల చట్టంలో పార్కిన్సన్ లేదు. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో దాన్ని పేరుపెట్టి చేర్చింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం తేలితే చట్టం చెప్పే ప్రత్యేక ప్రయోజనాలకు అర్హత. రాష్ట్రంలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000, వికలాంగుల పింఛను 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఈ తేడా అంతా సదరం శిబిరంలో వేసే శాతం మీద ఆధారపడి ఉంది. 2025లో పాత పింఛనుదారులకు కూడా మళ్లీ పరీక్షలు మొదలయ్యాయి.

పార్కిన్సన్ ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. మాత్ర పనిచేస్తున్న గంటలో చూస్తే మనిషి నడుస్తూనే కనిపిస్తుంది. ఇంట్లో గిన్నె మాడబెట్టడం, దారి మరవడం శిబిరంలో కనిపించవు. చూపుకు కనిపించే వైకల్యానికే శాతం పడితే ఆలోచన దెబ్బతిన్న మనిషి జాబితాలోంచి జారిపోతుంది. శాతం తప్పని అనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. ఆ సంగతి కాలనీల్లో ఎంతమందికి చెప్పారు? రేషన్ యంత్రం మీద వణికే వేలి ముద్ర పడక తిరిగివచ్చే మనిషికి ఇవన్నీ ఒకే గోడకున్న ఇటుకలు.

ఇప్పుడు అడగాల్సినవి

ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటినవారి ఇంటికి వచ్చి నింపే ఆరోగ్య పత్రంలో 60 ఏళ్లు దాటినవారి కోసం కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నారా? తినడానికి, స్నానానికి, బట్టలకు ఇతరుల సాయం కావాలా? దగ్గరివాళ్ల పేర్లు, ఇంటి చిరునామా మరిచిపోతున్నారా? అంటే రోజువారీ బతుకునూ మతినీ కొలిచే తొలి మెట్టు ఇప్పటికే ప్రభుత్వ కాగితంలో ఉంది. "అవును" అని జవాబు వచ్చాక ఏం జరుగుతోందన్నదే అసలు ప్రశ్న. తనకల్లు ఎస్సీ కాలనీల్లో ఈ ప్రశ్నలు నిజంగా అడిగారా, ఎంతమందిని ఏ ఆసుపత్రికి పంపారు అని సమాచార హక్కు కింద అడగవచ్చు. విద్యార్థులు చేయగల పని ఇది.

కదిరి, హిందూపురం ఆసుపత్రుల్లో నెలకు ఒక రోజైనా నరాల వైద్యుడు కూర్చునే ఏర్పాటు కావాలి. టెలిమెడిసిన్ ద్వారా అయినా సరే. చదువు రానివారికి తగిన తెలుగు పరీక్షలనే వాడాలని, మార్కు పక్కన చదువు, మాత్ర వేళ, వణుకు తీవ్రత తప్పక రాయాలని జిల్లా వైద్యాధికారులను కోరాలి. సదరం శిబిరంలో ఇంట్లోవాళ్ల మాట కూడా రికార్డు చేయాలి. డబ్బు లేదన్న మాట చెల్లదు. 2013లో వచ్చి, 2023లో మరో 10 ఏళ్లకు పొడిగించిన ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. వాడల్లోని పెద్దల ఆరోగ్యానికి అందులోంచి ఎంత ఖర్చు పెట్టారో లెక్క చెప్పమని అడగాలి.

అప్పటిదాకా కాలనీలో చదువుకున్న ఒక్కొక్కరూ ఒక పని చేయవచ్చు. ఇంట్లో వణుకు జబ్బు ఉన్న అవ్వ, తాత ఉంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆరు నెలల కిందట ఏ పనులు చేసేవాళ్లు, ఇప్పుడు ఏది ఆగింది, చేయి సాగకనా, తోచకనా అని వాళ్ల మాటల్లోనే రాయండి. మాత్రల వేళలు రాయండి. ఆసుపత్రికి, సదరం శిబిరానికి ఆ పుస్తకం తీసుకుపోండి. గడియారం బొమ్మ గీయలేదని ఎవరైనా తల పంకిస్తే ఆ పుస్తకం ముందు పెట్టండి. ఎన్నడూ పెన్ను పట్టనివ్వని చేతి తరఫున, పెన్ను పట్టిన మనవలు మనవరాళ్లు రాసిన సాక్ష్యం అది.